షాపు నీళ్ళు

"దీనికి టెస్ట్ డేట్ ఎక్కడుంది మేడమ్?"

చేతికి చుట్టిన పట్టీ ఇంకా విప్పకముందే తవిటయ్య అడిగాడు. రైల్వే ఆసుపత్రి డాక్టరమ్మకు ఆయన హిందీ అర్థమైంది గానీ ప్రశ్న అర్థం కాలేదు. వర్క్‌షాపులో ఏ గేజ్ మీదైనా దాన్ని ఎప్పుడు పరీక్షించారో తెల్ల రంగుతో తేదీ రాసి ఉంటుంది. తేదీ దాటిపోయిన గేజ్ చెప్పే అంకెను ఖలాసీ కూడా లెక్కచెయ్యడు. ముప్పై రెండేళ్ళు ఆ పద్ధతిలో బతికిన మనిషి, ముఖాన ఏ తేదీ లేని ఈ బీపీ పెట్టె తనను నూట అరవై ఎనిమిది, నూట నాలుగు అంటే ఎలా నమ్ముతాడు?

విషయం తెలుసుకుని డాక్టరమ్మ నవ్వింది. చిన్న వయసు బెంగాలీ అమ్మాయి, ఓపికగల మనిషి. పక్క గది నుంచి ఇంకో మిషను తెప్పించి, ఆయన్ను అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి మళ్ళీ చూసింది. నూట అరవై ఆరు, నూట రెండు.

"రెండు గేజ్‌లూ ఒకేలా తప్పు చెప్పవు కదా?" అంది.

చెప్పవని తవిటయ్యకూ తెలుసు. అందుకే ఒళ్ళు మండింది.

"నాకు ఏ బాధా నేదు మేడమ్. తిండి తింటన్నాను, పన్జేస్తన్నాను."

"బాధ ఉండదు. దీంతో వచ్చిన తంటా అదే. లోపల రక్తం గొట్టాల గోడల్ని గట్టిగా నెడుతూనే ఉంటుంది, మనిషికి తెలియదు. తెలిసేసరికి గుండో మెదడో కిడ్నీయో దెబ్బతింటుంది." ఆమె కాగితం మీద రాస్తూనే అడుగుతోంది. "మీ నాన్నగారికి ఉండేదా?"

"ఆయనకి ఎవులు సూసినారు? నిమ్‌పురా యార్డులో డ్యూటీ దిగి, తలగుడ్డ ఇప్పుతూ పడిపోయినాడు. మరి లెగనేదు."

డాక్టరమ్మ ఆ సంగతి కూడా కాగితం మీద రాసుకుంది. కారణం ఒక్కటే ఉండదని చెప్పింది. పుట్టుకతో వచ్చేది కొంత, వయసు కొంత, నిద్ర లేకపోవడం, ఒళ్ళు పెరగడం, పొగ, మందు, నడుం నొప్పికి అయినదానికీ కానిదానికీ మింగే గోళీలు. అన్నిటికంటే ఉప్పు. "నెల రోజులుగా మాత్ర వేసుకుంటున్నానంటున్నారు. ఉప్పు మానేశానంటున్నారు. మరి కొంతైనా దిగాలి. మీది కదల్లేదు. మాత్ర లోపలికి పోవడం లేదా? ఎక్కడి నుంచైనా ఉప్పు పోతోందా? నిజం చెప్పండి."

అంటే తను అబద్ధాలకోరన్న మాట. తవిటయ్య చొక్కా చెయ్యి కిందికి లాక్కుని గుండీ పెట్టుకున్నాడు.

ఆమె ఇంకో మాత్ర కలిపింది. వచ్చే సోమవారానికి నూట నలభై, తొంభైల లోపు రాకపోతే క్రేన్‌కు అన్‌ఫిట్ రాయక తప్పదంది. ఈ వారమంతా కింద కూర్చుని చేసే పనే.

వర్క్‌షాపు కప్పు కింద, ఆ గోడ నుంచి ఈ గోడ దాకా పట్టాల మీద నడిచే క్రేన్ అది. దానికి వేలాడే గాజు కేబిన్‌లో తవిటయ్యది ఇరవై రెండేళ్ళ కొలువు. రైలుపెట్టె కింద ఉండే చక్రాల చట్రాన్ని, షాపువాళ్ళ మాటలో బోగీని, ఆరు టన్నుల బరువును, చంటిపిల్లను ఉయ్యాల్లో వేసినట్టు స్టాండు మీద దింపుతాడని పేరు. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. ఆ రెండేళ్ళూ కిందనే ఉండి, ఇనప రజను ఊడుస్తూ, ఇంకొకడు తన కేబిన్‌లో కూర్చుంటే తలెత్తి చూడాలా?

ఆ సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నె మూత తీసి వాసన చూశాడు. గరిటె అరచేతికి రాసుకుని నాకాడు. భార్య జోగమ్మ గుమ్మంలో నిలబడి ఈ పోలీసు పనంతా చూసింది.

"ఏటయ్యా, దొరికిందేటి దొంగ సరుకు?"

"మాగాయి జాడీ ఏదే?"

"పక్క క్వార్టరు ఎస్తేరమ్మకి ఇచ్చీసి నెలయినాది. ఎండుసేపలు కూడా. నీతోపాటు నానూ నెల్లాళ్ళ నుంచి ఈ సప్పిడి గడ్డే తింటన్నాను. నా మీదా నీ అనుమానం?" జోగమ్మ గొంతు పెరిగింది. "ఇంట్లో రెండు పూటలు తింటావు. పగలంతా షాపులో ఉంటావు. అక్కడేటి తింటన్నావో, ఏటి తాగుతన్నావో నాకేటి తెలుసు?"

"నువ్వు కట్టిన టిఫినే తింటన్నాను. టీ కూడా మానీసినాను. నీళ్ళు తప్ప ఏటీ తాగను."

"ఆ నీళ్ళు ఎవులు పట్టిస్తన్నారు మరి?"

ఆయన నోరు మూయించడానికే ఆమె ఆ మాట అంది. అనేసి పప్పు పోపు వెయ్యడానికి వెళ్ళిపోయింది. తవిటయ్య మాత్రం అక్కడే నిలబడిపోయాడు. నీళ్ళు పట్టేది హరిబాబు.

హరిబాబు ముప్పై ఎనిమిదేళ్ళవాడు. ఎనిమిదేళ్ళుగా తవిటయ్య క్రేన్ కింద ఉండి బరువులకు గొలుసులు తగిలించి, చేత్తో సైగలు చేసే మనిషి. పైనున్న డ్రైవరు చూడాల్సింది ఆ ఒక్క చేతినే. ఎత్తమంటే ఎత్తాలి, దించమంటే దించాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. తవిటయ్యే దగ్గరుండి వాడికి క్రేన్ కూడా నేర్పాడు. కిందటేడు వాడు పరీక్ష పాసైతే గోల్‌బజార్ నుంచి రసగుల్లాల కుండ తెప్పించి షాపంతా పంచాడు. తనకు అన్‌ఫిట్ రాస్తే ఆ కేబిన్ ఎవరిది? హరిబాబుది. ఇన్నాళ్ళూ ఈ చిన్న లెక్క తట్టనందుకు తవిటయ్యకు తన మీద తనకే కోపం వచ్చింది.

మంగళవారం ఉదయం షాపులో అడుగుపెట్టేసరికి హరిబాబు కేబిన్ ఎక్కుతున్నాడు. "మావా, కళ్ళెలాగున్నాయి?" అని నిచ్చెన మీద నుంచే కేకేశాడు. బీపీ అని చెబితే ముసలాడైపోయాడంటారని, కంటి పరీక్ష తేలలేదనీ చుక్కల మందు వేస్తున్నారనీ తవిటయ్య అందరికీ చెప్పుకున్నాడు. ఆసుపత్రి కాగితం చూసిన సెక్షన్ ఇంజనీరు మండల్ బాబుకు తప్ప నిజం ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పనని ఆయన దగ్గర కూడా మాట తీసుకున్నాడు.

తవిటయ్య బెంచీ మీద కూర్చుని బోల్టులకు చీటీలు కడుతూ రోజంతా హరిబాబునే చూశాడు. వాడు మధ్యాహ్నం మండల్ బాబు గదిలోకి వెళ్ళి చాలాసేపు ఉన్నాడు. ఎందుకు? గొలుసులు తగిలించే లూకాతో ఏదో అని నవ్వాడు. ఎవరి గురించి? క్రేన్ నడపడంలో మాత్రం వంక దొరకలేదు. బోగీని ఊపు లేకుండా, అచ్చం తనలాగే దింపాడు. అది ఇంకా కష్టంగా తోచింది. అన్నిటికంటే అనుమానించాల్సింది ఇంకోటుంది. కేబిన్ దక్కినవాడికి ఇంకా ఈ ముసలాడి నీళ్ళ డబ్బాతో పనేమిటి? పొద్దున్నే రెండు లీటర్ల డబ్బా నింపి, బెంచీ పక్కన పెట్టి మరీ వెళ్ళాడు.

సాయంత్రం ఇంటికి పోకుండా గోల్‌బజార్‌లో ఒక మందుల దుకాణానికి వెళ్ళి, చెయ్యి చాపాడు. నూట అరవై నాలుగు, నూట రెండు. మూడో గేజ్ కూడా అదే మాట. ఇక గేజ్‌ల మీద అనుమానం వదిలేశాడు. మిగిలింది మనుషుల మీదే.

బుధవారం డబ్బా ముట్టుకోలేదు. దాహం వేస్తే షాపు చివరి కుళాయి దగ్గరకు నడిచి, దోసిలి పట్టి తాగాడు. రెండు గుటకలు మింగి ఆగిపోయాడు. నీళ్ళు చప్పగా ఉన్నాయి.

షాపు నీళ్ళకు ఒక రుచుంటుంది. ఇంట్లో బిందెడు తాగినా తీరని దాహం షాపులో ఒక్క గ్లాసుతో తీరుతుందని, షాపు నీళ్ళే నీళ్ళని ఆయన జోగమ్మతో ఎన్నోసార్లు వాదించాడు. ఆ రుచి ఈ కుళాయిలో లేదు.

"లూకా, నా డబ్బాకి ఏ కుళాయి నీళ్ళు పడతాడ్రా హరి?"

"ఇదే గదా తాతా. షాపులో తాగే నీళ్ళ కుళాయి ఇంకోటి ఎక్కడున్నాది?"

తవిటయ్య బెంచీ దగ్గరకు వచ్చి డబ్బా మూత తీసి నాలుక మీద రెండు చుక్కలు వేసుకున్నాడు. కుళాయి ఒక్కటే, నీళ్ళు వేరు. ఏదో కలుస్తోంది. డబ్బాను కాలువలో వంచేశాడు. రాత్రి అన్నం సహించలేదు.

గురువారం ఆయన అరగంట ముందే వెళ్ళి, గొలుసులు వేలాడదీసే ఇనప రాటల వెనక నిలబడ్డాడు. హరిబాబు వచ్చాడు. డబ్బా కడిగాడు, నింపాడు. ఇటూ అటూ చూడలేదు, దొంగతనం చేసేవాడి కంగారేమీ లేదు. గూట్లోంచి కాగితం పొట్లం తీసి, తెల్లటి పొడిని చెంచాతో కొలిచి డబ్బాలో పోశాడు. ఒకటి, రెండు, మూడు. మూత బిగించి గిలకొట్టాడు.

తవిటయ్య ఎలా వచ్చి పడ్డాడో ఆయనకే తెలియదు. హరిబాబు కాలరు ఆయన పిడికిట్లో ఉంది.

"ఏటేస్తన్నావురా నా నీళ్ళలో? సెప్పు! నా బీపీ పెంచీసి నా కేబిన్ కొట్టీద్దామనా? ఇన్నాళ్ళూ నాకు విషం పోస్తన్నావురా నువ్వు!"

షిఫ్టుకు వచ్చినవాళ్ళంతా మూగారు. లూకా మధ్యలో దూరబోయి తోపు తిన్నాడు. మండల్ బాబు అద్దాలు సవరించుకుంటూ గదిలోంచి పరుగున వచ్చాడు. "తవిటయ్య దాదా, ఛోడియే! క్యా హువా?"

"పొట్లం సూడండి బాబూ! ఆసుపత్రికి పంపండి. పోలీసుని పిలవండి."

హరిబాబు కాలరు విడిపించుకోలేదు. వాడి ముఖంలో భయం లేదు, అర్థంకాని తనమే ఉంది. "నీకు బీపీ ఏటి మావా? కళ్ళన్నావు గదా?" అన్నాడు.

మండల్ బాబు పొట్లంలో వేలు ముంచి, కాస్త జంకి, నాలుకకు రాసుకున్నాడు. "నూన్" అన్నాడు బెంగాలీలో. మళ్ళీ అందరికీ తెలిసేలా, "నమక్ హై. ఉప్పు."

"ఉప్పే మావా" అన్నాడు హరిబాబు. "నాను నీ దగ్గర జేరిన మొదటిరోజు నువ్వే గదా సెప్పినావు. ఫర్నెస్ మీద క్రేన్, ఆవిరికి సెమటోడి పిక్కలు పట్టేస్తాయి, పొద్దున్నే డబ్బాలో రెండు సెంచాలు ఉప్పెయ్యి, మర్సిపోకు అన్నావు. నాను మర్సిపోనేదు."

తవిటయ్య పిడికిలి దానంతట అదే వదులైంది. చెప్పాడు. తన గురువు తనకు చెప్పినట్టే వీడికీ చెప్పాడు. ఆ రోజుల్లో షాపులోని ఈ వరసలో, అంటే ఈ బేలో, కేబిన్‌కు సరిగ్గా కింద, స్ప్రింగులు కాల్చే ఫర్నెస్ మండేది. అందులో పనిచేసేవాళ్ళంతా ఉప్పునీళ్ళే తాగేవారు. ఫర్నెస్ తీసేసి అయిదేళ్ళయింది. దాని చోట ఇప్పుడు సిమెంటు నేల, పసుపు గీతలు. ఉప్పు ఆపమని మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తాగేవాడికి ఆ రుచి నీళ్ళ రుచైపోయింది, కలిపేవాడికి ఆ పని డ్యూటీలో భాగమైపోయింది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో "బీపీయా? కంటి చుక్కలన్నాడే!" అన్నారు. మండల్ బాబు అందర్నీ పనుల్లోకి తరిమి, తవిటయ్య వైపు తిరిగాడు. "దాదా, కంప్లయింటు రాస్తారా?"

తవిటయ్య తల అడ్డంగా ఊపాడు. హరిబాబు చొక్కా సర్దుకున్నాడు. తెగిపోయిన గుండీ కోసం నేల మీద వెతికి, దొరికితే జేబులో వేసుకున్నాడు. డబ్బా ఒంపేసి, కడిగి, కుళాయి నీళ్ళు పట్టి బెంచీ పక్కన పెట్టాడు. నిచ్చెనెక్కి కేబిన్‌లోకి వెళ్ళిపోయాడు.

శుక్ర, శనివారాల్లో ఆ డబ్బా తవిటయ్యే నింపుకున్నాడు. ఒకసారి నిచ్చెన మొదట్లో నిలబడి, "ఒరే హరీ, తప్పయిపోయినాదిరా" అన్నాడు. "సరేలెండి" అన్నాడు హరిబాబు. ఎనిమిదేళ్ళలో వాడు ఆయన్ను మీరు అనడం అదే మొదలు. ఆ 'లెండి' తవిటయ్యను చెంపదెబ్బ కంటే గట్టిగా తాకింది.

సోమవారం డాక్టరమ్మ రెండుసార్లు చూసింది. నూట ముప్పై ఎనిమిది, ఎనభై ఎనిమిది. ఏం మార్చారని అడిగితే తవిటయ్య ఉప్పు డబ్బా సంగతి దాచకుండా చెప్పాడు.

ఆమె కలం కింద పెట్టేసింది. "రోజుకు మూడు చెంచాలా! మేం మొత్తానికి ఒక చెంచా దాటొద్దంటాం. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, ప్రెషర్ పెరుగుతుంది. మాత్ర కిందికి లాగుతుంటే మీ డబ్బా పైకి నెట్టింది. అయినా అంతా ఉప్పే అనుకోకండి. మీ నాన్నగారి సంగతి మరిచిపోవద్దు. తగ్గిందని మాత్ర మానితే మళ్ళీ మొదటికే వస్తారు." కాగితం మీద ఫిట్ అని రాసి, నెల తర్వాత మళ్ళీ రమ్మంది.

గెలిచినవాడిలా షాపుకు రావలసిన తవిటయ్య మెల్లగా వచ్చాడు. మండల్ బాబు కాగితం చూసి సంతోషించి, హరిబాబును కిందికి పిలిచాడు. హరిబాబు వచ్చి క్రేన్ తాళం టేబుల్ మీద పెట్టాడు. దాని పక్కనే ఒక అర్జీ కూడా పెట్టాడు. తనను చక్రాల బేలోకి మార్చమని.

"ఎందుకురా?" అన్నాడు తవిటయ్య. "నా మీద కోపంతోనేనా? కాళ్ళు పట్టుకోమంటావా?"

"కోపం కాదండి." హరిబాబు టేబుల్ అంచు వైపు చూస్తూ మాట్లాడాడు. మండల్ బాబుకు నాలుగైదు ముక్కలకు మించి తెలుగు రాదు గనుక గొంతు తగ్గించలేదు. "మీరెత్తిన బరువు పక్కన ఎనిమిదేళ్ళు నిలబడినాను. గొలుసు జారుతాదేమో, మీటలు తప్పు తిప్పుతారేమో అని ఒక్కరోజు అనుకోనేదు. రథయాత్రకి ముందు వారం బోగీ గాల్లో కదులుతుండగా మీరు మీట పట్టుకుని అలాగే బిగిసిపోయినారు. పిడికిలి బిగించి ఎత్తినాను, ఆపమని. మీ కళ్ళు నా మీదే ఉన్నాయి, గానీ సూడనేదు. బోగీ ఊగుతూ వచ్చి నా బుజానికి జానెడు దూరంలో ఆగింది. తర్వాత వారం ఇంకోసారి. మండల్ బాబుకి ఒక్క మాట సెప్పుంటే ఆరోజే ఈ తాళం నాది. ఎండదెబ్బనుకున్నాను. మర్నాటి నుంచి మీకు ఉప్పు ఇంకో సెంచా ఎక్కువేసినాను. అలాటి నన్ను విషం పోస్తన్నావన్నారు, ఇంక మీ బరువు పక్కన నిలబడనేను."

ఆ రెండుసార్లూ తవిటయ్యకు బాగా గుర్తు. కళ్ళ ముందు తెల్లటి తెర దిగింది. తెర తొలగేసరికి మీట తన చేతిలోనే ఉంది, కింద హరిబాబు పక్కకు జరిగి ఉన్నాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు, డాక్టరమ్మకు చెప్పలేదు. వారం రోజులుగా ప్రపంచంలో అందర్నీ అనుమానించాడు, తనను తప్ప.

"ఏమంటున్నాడు?" అని మండల్ బాబు హిందీలో అడిగాడు. బదిలీ అర్జీ మీద సంతకం పెట్టాలా వద్దా అని కలం పట్టుకుని ఉన్నాడు.

హరిబాబు జవాబు చెప్పలేదు. ఇప్పుడు కూడా చెప్పేలా లేడు. చెప్పాలంటే తవిటయ్యే చెప్పాలి. చెప్పకపోతే ఇరవై అడుగులు నడిచి నిచ్చెనెక్కడమే.

"బాబూ" అన్నాడు తవిటయ్య హిందీలో. "ఈ ఫిట్ కాగితం పక్కన పెట్టండి. డాక్టర్ మేడమ్‌కి నాను ఒక సంగతి సెప్పనేదు. కిందటి నెల్లో కేబిన్‌లో రెండుసార్లు నాకు కళ్ళు పోయినాయి. బరువు గాల్లో ఉండగా."

మండల్ బాబు అద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"దాదా, ఇది విన్నాక విననట్టు ఉండలేను. రాయాలి. రాస్తే మీరు మళ్ళీ కేబిన్ ఎక్కుతారో లేదో నేను చెప్పలేను. రెండేళ్ళే ఉంది మీకు."

"రాయండి."

ఆయన రాశాడు. తవిటయ్య కింద సంతకం పెట్టాడు. తర్వాత టేబుల్ మీది తాళం తీసి హరిబాబుకు అందించాడు.

హరిబాబు చెయ్యి చాపలేదు. ముఖంలో కోపం లేదు, కానీ చెయ్యి లేవలేదు.

"అక్కడ పెట్టండి" అన్నాడు.

తవిటయ్య తాళం టేబుల్ మీద పెట్టాడు. ఆయన చెయ్యి పూర్తిగా వెనక్కి తీసుకున్నాకే హరిబాబు దాన్ని తీసుకుని, అర్జీని అక్కడే వదిలేసి, నిచ్చెన వైపు నడిచాడు.